తీసివేత

చలికాలం ఏడింపావుకే గుమ్మటం నోరు తెరుస్తుంది.
గ్రీజు పెట్టి చాన్నాళ్లయినట్టుంది, ఒక మూల కీచుమంటుంది.
ఆ చప్పుడు వినకపోతే
నోల్ఫా అరాయాకి డ్యూటీ మొదలవనట్టే.

చలి లోపలికి రాకుండా
తలుపు కింద పాత స్వెటర్ ఒకటి కుక్కి,
ఫ్లాస్కులోంచి టీ వంపుకుని కూర్చుంటుంది.
ఆకాశం వైపు చూడదు. ఇక్కడెవరూ చూడరు.
తెరమీద బూడిదరంగు చదరాలు వస్తుంటాయి,
ఒక్కొక్కటీ అరచేతి వెడల్పు చీకటి.

పని, చెప్పుకుంటే, చిన్నదే:
ఇవాళ్టి ఆకాశంలోంచి నెల కిందటి ఆకాశాన్ని తీసెయ్యాలి.
ఉన్న నక్షత్రం ఉన్నట్టే ఉంటే, సున్నా.
లక్ష ఉండి, లక్షా ఉన్నట్టే ఉన్నా, సున్నా.
మిగిలిందే లెక్కలోకి వస్తుంది.

మిగిలిందంతా నిజమా అంటే
చాలామటుకు చెత్త.
గీతలా సాగితే ఉపగ్రహం.
సూదిమొనలా గుచ్చుకుంటే ఎక్కడిదో కిరణం, కెమెరాలో పడి చచ్చింది.
గంటలో పక్కకి జరిగితే దారినపోయే గ్రహశకలం.
ఒకసారి పదిహేను రోజులు వేధించిన కొత్త చుక్క
పక్కనున్న పెద్ద నక్షత్రం కటకాల్లో వేసిన
దొంగ ప్రతిబింబమని తేలింది.

కాదు. కాదు. కాదు.
ఆ మీట మీది అక్షరం బొటనవేలి కింద అరిగిపోయింది.
పంతొమ్మిదేళ్లుగా అదే అలవాటై
ఇంట్లో ఏది అడిగినా ముందు కాదనే అంటుందని
చెల్లెలు ఎల్బా ఫిర్యాదు.

మూడూ నలభైకి ఒకటి వచ్చింది.
పక్కకి ఒరిగిన గెలాక్సీ, దాని కొసన,
కంచం అంచుకి అంటుకున్న మెతుకులా.
నెల కిందట లేదు. నిరుడు లేదు.
గాజు పలకలమీద ఫోటోలు తీసిన కాలంనాటి
పాత బొమ్మల్లోనూ లేదు.
సాగలేదు. జరగలేదు.
బొటనవేలు మీటమీదే ఆగింది.
టీ చల్లారింది.

ఈ లిమారీ లోయ ఇంకా సముద్రం కింద ఉన్నప్పుడు
అక్కడొక నక్షత్రం పోయింది.
కబురు ఇప్పటికి చేరింది.
అంత దూరాన్నుంచి చూస్తే
చావు కూడికలా ఉంటుంది:
లేనిచోట ఒకటి.

ఇంకో బొమ్మ తీస్తే గాని చెప్పలేం.
అద్దాన్ని అటు తిప్పుతుండగానే
పసిఫిక్ వైపునుంచి కమంచాకా లేచింది,
లోయ పొడుగునా పొగమంచు, పాలు పొంగినట్టు.
ఎప్పుడూ కొండ నడుము దగ్గర ఆగేది
ఆ రాత్రి ఆగలేదు.
తేమ తొంభై దాటితే గుమ్మటం మూయాలి. రూలు.
ఆమె తొంభై రెండు దాకా చూసింది.
మూసింది.
చిట్టాలో రాసింది: అనుమానం. రుజువు కాలేదు. మంచు.
అంకెలు రెండుసార్లు సరిచూసి అందరికీ పంపింది.
హవాయిలో ఇప్పుడింకా రాత్రి పదే,
ఎవరో ఒకరు అటు తిప్పుతారు.
పేరు వాళ్లకే రాస్తారు.
పేరంటే మాత్రం ఏముంది,
ఏడాది అంకె, దాని తోకకి మూడు అక్షరాలు.

పొద్దున కొండ దిగుతుంటే మలుపు దగ్గర
బెలార్మినో మేకలు రోడ్డునిండా నిలబడ్డాయి.
ముసలాయన రాయెక్కి లెక్కపెడుతున్నాడు,
వేళ్లతో కాదు, మొహాలతో.
అరవై ఒకటి, అన్నాడు.
మళ్లీ మొదలుపెట్టాడు.

"ఎన్నుండాలి?"
"అరవై రెండు. చెవి తెగిన గోధుమరంగుది కనపడ్డంలేదు.
రాత్రంతా కుక్క ఒకటే మొరుగుడు.
పూమా అయ్యుంటుంది."

తన రాత్రి గురించి చెప్పాలనిపించింది నోల్ఫాకి.
నోటిదాకా వచ్చింది.
ఇంజను ఆపి, దిగి,
మంద అటు చివరినుంచి తనూ లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

ఇద్దరూ మధ్యలో కలుసుకునేసరికి
అరవై ఒకటే.